కొడగు జలపాతాలు, బైలకుప్పె టిబెటన్ల ఊరు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: దసరా సెలవుల్లో పిల్లలతో కూర్గ్ జలపాతాలు, బైలకుప్పె చూడాలని ఉంది. హైదరాబాద్ నుంచి ఎలా వెళ్లాలి? ముందు ఏది చూడాలి?
– పాఠకురాలు, మల్కాజిగిరి

సమయం మంచిదే ఎంచుకున్నారు. జూన్ నుంచి ఆగస్టు దాకా అక్కడ కుండపోత. 2018 ఆగస్టులోలా కొండచరియలు విరిగిపడితే దారులే ఉండవు. వేసవిలో వెళితే అబ్బి జలపాతంలో సన్నటి ధారే మిగులుతుంది. సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా నీరూ ఉంటుంది, దారీ ఉంటుంది.

కొడగు (కూర్గ్) జిల్లాకు రైలు లేదు. కాచిగూడలో సాయంత్రం మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున మైసూరు. దసరాకు ఆ ఊళ్లో గది దొరకడం కష్టం, దొరికినా ధర మండిపోతుంది. అక్కడ ఆగకుండా కొడగు జిల్లా కేంద్రం మడికేరికి వెళ్లే బస్సెక్కి 80 కి.మీ. పైచిలుకు వెళ్లి కుశాలనగర్‌లో బస చేయండి. బైలకుప్పె దారిలోనే కాబట్టి టిబెటన్ల ఊరే ముందు. అయితే బైలకుప్పె బోర్డు చూసి దిగిపోకండి. అందరూ ‘గోల్డెన్ టెంపుల్’ అనే నామ్‌డ్రోలింగ్ మఠానికి ఇంకాస్త ముందుకెళ్లి కొప్పలోనో, కావేరి వంతెన దాటాక కుశాలనగర్‌లోనో దిగి ఆటో మాట్లాడుకోవాలి.

అబ్బి మడికేరికి 8 కి.మీ. కాఫీ, మిరియాల తోటల మధ్య మెట్లు దిగాలి, తిరిగి ఎక్కేటప్పుడు మోకాళ్లకు తెలిసొస్తుంది. నీళ్లలోకి దిగనివ్వరు. శని, ఆదివారాలు జనమే జనం, పొద్దున్నే వెళ్లండి. పిల్లలు తడవాలంటే బ్రహ్మగిరి కొండల్లోని ఇరుప్పు నయం. మడికేరి నుంచి సుమారు 80 కి.మీ. కనుక దాన్ని చివరి రోజుకు పెట్టుకుని, అటునుంచే గోణికొప్ప, హుణసూరు మీదుగా మైసూరు చేరండి.

ఒక్క హెచ్చరిక. తేటగా పారే నీరు ఉన్నట్టుండి బురద రంగు తిరిగినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొచ్చినా, హోరు పెరిగినా పైన వాన పడిందని అర్థం. ఫొటో సంగతి తర్వాత, ముందు గట్టెక్కండి.

ప్రశ్న: అక్కడ జలగలు పడతాయట. ఉప్పు తీసుకెళ్లాలా?
– పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

పట్టిన జలగ మీద ఉప్పు చల్లొద్దు, అగ్గిపుల్లా పెట్టొద్దు. తాగిన నెత్తురు గాయంలోకే కక్కే ప్రమాదం ఉంది. పట్టుకుని లాగడమూ వద్దు. నోరు సన్నటి కొసన ఉంటుంది. ఆ పక్కన గోరు చర్మానికి ఆనించి అడ్డంగా తోస్తే పట్టు వదులుతుంది, వెంటనే లావు కొసను కూడా అలాగే తోసేయాలి. దాని లాలాజలంలోని హిరుడిన్ నెత్తురు గడ్డకట్టనివ్వదు, అందుకే ఊడాక కూడా చాలాసేపు కారుతుంది. కడిగి, దూది పెట్టి గట్టిగా నొక్కి కట్టండి. రక్తం పలుచబరిచే మాత్రలు వాడేవారికి ఆగకపోతే డాక్టరుకు చూపించాలి. పట్టకుండా ఉండాలంటే ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోవడమే మేలు.

ప్రశ్న: మా మనవళ్లవి అమెరికా పాస్‌పోర్టులు. బైలకుప్పెలో రెండు రోజులు ఉండనిస్తారా?
– పాఠకుడు, మియాపూర్

పగలు చూసి రావచ్చు. రాత్రి టిబెటన్ల సెటిల్‌మెంట్‌లో (అంటే బైలకుప్పెలో) ఉండాలంటే విదేశీయులకు కేంద్ర హోంశాఖ ఇచ్చే ప్రొటెక్టెడ్ ఏరియా పర్మిట్ కావాలి, అది అప్పటికప్పుడు వచ్చేది కాదు. కుశాలనగర్ ఆ పరిధిలోకి రాదు కాబట్టి అక్కడ గది తీసుకుంటే గొడవే లేదు.

ప్రశ్న: మఠంలో పద్ధతులేమిటి? శాకాహారులకు తిండి దొరుకుతుందా?
– పాఠకురాలు, కూకట్‌పల్లి

నామ్‌డ్రోలింగ్ మఠాన్ని 1963లో పెనోర్ రింపోచే స్థాపించారు. బంగారు పూత విగ్రహాలున్న పెద్ద మందిరం 1999 నాటిది. నడుమ శాక్యముని బుద్ధుడు, అటూ ఇటూ టిబెట్‌లో బౌద్ధాన్ని నెలకొల్పిన గురువు పద్మసంభవుడు, దీర్ఘాయువునిచ్చే బుద్ధుడు అమితాయువు. మన గుళ్లలోలాగే చెప్పులు బయట విడిచి, ప్రదక్షిణ కుడివైపుగా చేయాలి. ప్రార్థన చక్రాలూ అటే తిప్పాలి. ప్రార్థన జరుగుతుంటే వెనక గోడ దగ్గర కూర్చోండి, కాళ్లు విగ్రహాల వైపు చాపొద్దు. భిక్షువులను ఫొటో తీయాలంటే అడిగి తీయండి.

వెజ్ మోమోలు, టింగ్మో అనే ఆవిరి రొట్టె దొరుకుతాయి. థుక్పా అనే నూడుల్స్ పులుసు మాత్రం అడిగి తెప్పించుకోండి, కూరగాయలు వేసినా పులుసు మాంసం ఉడికించిన నీళ్లతో చేసి ఉండొచ్చు. వెన్న టీ ఉప్పగా ఉంటుంది, నలుగురికీ కలిపి ఒక్క కప్పు చెప్పి రుచి చూడండి.