ఒకే దీవిలో ఒకవైపు వర్షారణ్యం, మరోవైపు ఎండు నేల ఎందుకు?

హవాయి దీవుల్లో అన్నిటికన్నా పెద్దదాని తూర్పు తీరం పచ్చగా, వాయవ్య తీరం ఎడారిలా ఉండటానికి ముఖ్య కారణం మధ్యలో ఉన్న కొండలు, వాటిని తాకే గాలి దిశ.

అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఈశాన్యం నుంచి గాలి వీస్తుంది. సముద్రం మీద తేమ నింపుకున్న ఆ గాలి కొండవాలు తగలగానే పైకి లేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ చల్లబడుతుంది. చల్లటి గాలిలో ఆవిరి అంతగా నిలవలేదు కాబట్టి మేఘమై, వానై అక్కడే కురిసిపోతుంది. కొండ దాటి కిందికి దిగే గాలి మళ్లీ వేడెక్కుతుంది, మిగిలిన కాస్త తేమా వానగా మారదు. దీన్నే వర్షచ్ఛాయ అంటారు.

తూర్పున ఉన్న హీలో పట్నంలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మనిషెత్తు ఫెర్న్ మొక్కలు, నాచు పట్టిన చెట్లు కనిపిస్తాయి. వాయవ్యాన కవాయిహే దగ్గర సుమారు 250 మిల్లీమీటర్లే. అక్కడ నల్లటి లావా రాళ్ల మధ్య ఎండుగడ్డి. కారులో రెండు గంటల లోపు ప్రయాణంలోనే ఇంత తేడా!

కొండ మేఘాలను గోడలా ఆపేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి కొండ గాలిని ఆపదు, పైకి ఎక్కిస్తుంది. వాన కురిపించేది ఆ ఎక్కడమే. అందుకే కొత్త చోటికి వెళ్లేముందు ఒక్క ఊరి వాతావరణం చూసి బట్టలు సర్దుకోకండి. గాలి ఎటు నుంచి వీస్తుందో, మీ బస కొండకు ఏ వైపున ఉందో మ్యాప్‌లో చూడండి.