సైకిలెక్కుతున్న మేనకోడలికి

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి ఏడ్చినంత పని చేసింది. ఆంధ్ర వైపున్న పాతపట్నం ఆఫీసుకి స్కూటీ మానేసి రోజూ సైకిల్ మీదే వెళ్తానన్నావట, పైగా పదిమందిని పోగేసి ఒడిశా వైపున్న మన పర్లాకిమిడిలో సైకిల్ తొక్కేవాళ్ల తరఫున అర్జీ పెడతానన్నావట. "అన్నయ్యా, నువ్వైనా చెప్పు, నీ మాటైతే వింటుంది" అంది. చెప్తానన్నాను. ఏం చెప్తానో మాత్రం దానికి చెప్పలేదు.

మానెయ్యమని చెప్పను. నా సైకిల్ షాపుకి ఎవరొస్తారో నీకు తెలుసు కదా. కూరగాయలమ్మేవాళ్లు, తాపీ పనివాళ్లు, రైస్ మిల్లు కూలీలు, ప్రభుత్వం తొమ్మిదో తరగతిలో ఇప్పించిన సైకిళ్ల మీద బడికెళ్లే ఆడపిల్లలు. రోడ్డు మీద మాకూ కాస్త చోటు కావాలని వీళ్లెప్పుడూ ఏ ఆఫీసు గడపా ఎక్కి అడగలేదు. అడిగే తీరిక వాళ్లకెక్కడిది, ఒక పూట పోతే ఒక పూట కూలి పోతుంది. చదువుకుని ఉద్యోగం చేస్తున్న నువ్వు వాళ్లతోపాటే తొక్కుతూ, వాళ్ల కోసం అడుగుతానంటే నాకు గర్వంగా ఉంది. భయంగానూ ఉంది, దాచను. రెండూ కలిపి రాస్తున్నాను, ఓపిగ్గా చదువు.

తేలిక మాటలు ముందు చెప్పేస్తాను. హెల్మెట్ పెట్టుకో, సైకిల్‌కి చట్టం అడక్కపోయినా సరే. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. వారానికోసారి గాలి చూసుకో. బెల్లు మోగాలి.

చున్నీ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. భుజం మీంచి వెనక్కి వదిలి తొక్కావంటే నేనొప్పుకోను. అది చక్రం పుల్లల్లో పడితే మెడ వెనక్కి లాగేస్తుంది, చేత్తో తీసే లోపే పడిపోతావు. నడుముకి బిగించి కట్టుకో, లేదా బ్యాగులో పెట్టుకుని ఆఫీసుకెళ్లాక వేసుకో. మీ అమ్మ ఏమన్నా అంటే మావయ్య చెప్పాడను.

ఎడమవైపు తొక్కమంటారు కదా అని తారు అంచు మీద తొక్కొద్దు. అంచు దగ్గర తారు విరిగి మట్టిలోకి ఒక్కసారిగా దిగిపోతుంది, చక్రం అందులో జారిందంటే మళ్లీ పైకి ఎక్కించబోతూ రోడ్డు మధ్యలోకి పడతారు. కింద పడటం కన్నా పడిన చోటు ప్రమాదం. అంచుకి రెండు మూరలు లోపలికి ఉండు, వెనకవాడు హారన్ కొడితే కొట్టనీ, వాడు నిన్ను చూశాడన్నమాటే కదా. వాడికి దారివ్వాలని కంగారుపడి పక్కకి తిప్పేయకు. కోతలప్పుడు రోడ్డు మీదే ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పరుస్తారు, దాని మీద బ్రేకు వేస్తే చక్రం నిలవదు. రైలు పట్టాలు ఏటవాలుగా దాటకు, తిన్నగా అడ్డంగా దాటు. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు తిరిగే రోజుల్లో మీ తాతయ్య ఇలాగే పట్టాల సందులో చక్రం ఇరికించుకుని, బజారులో కొన్న బియ్యం సంచీ అంతా కంకర మీద పోశాడు. మీ అమ్మ, నేను చీకటి పడేదాకా ఏరాం. ఆ రాత్రి అన్నంలో రాళ్లొస్తే ఎవరం ఏమీ అనలేదు.

వానాకాలంలో బ్రేకు పట్టినట్టే ఉండి పట్టదు. రిమ్ము తడిస్తే రబ్బరు జారుతుంది. అందుకని ముందుగానే మెల్లగా నొక్కుతూ ఉండాలి, నీళ్లు తుడుచుకుపోయాక అప్పుడు పడుతుంది. ఇది నేను నీకు చిన్నప్పుడే చూపించాను, మర్చిపోయి ఉంటావు.

ఇక నా అసలు టెన్షన్ చీకటి. నీ ఆఫీసు సాయంత్రం ఆరుకి వదులుతారు, డిసెంబరులో అప్పటికే పొద్దు గూకిపోయి ఉంటుంది. గడ్డి ట్రాక్టర్లకి వెనక లైటుండదు, చాలావాటికి ముందు కూడా ఒకటే ఉంటుంది. ఎదురుగా వచ్చే లారీ హైబీమ్ వేసుకుని వస్తే, నీ వెనకున్న డ్రైవరుకి ఒక క్షణం ఏమీ కనపడదు, ఆ క్షణంలో నువ్వు వాడి ముందే ఉంటావు. సైకిల్ వెనక మడ్‌గార్డుకి తెల్ల రంగు పట్టీ వేసేది, దాని మీద ఎర్ర రిఫ్లెక్టర్ పెట్టేది అందుకే. కానీ రిఫ్లెక్టర్ తనంతట తాను వెలగదు. వెలుగు దాని మీద పడితేనే మెరుస్తుంది. కాబట్టి వెలిగే ఎర్ర లైటొకటి వెనక ఉండి తీరాలి, చార్జింగు పెట్టుకునేవి దొరుకుతున్నాయి. పెడళ్లకుండే పసుపు ముక్కలు తీసెయ్యకు. అవి పైకీ కిందికీ ఆడుతుంటే అక్కడ మనిషి తొక్కుతున్నాడని దూరం నుంచే తెలుస్తుంది.

ఎందుకింత చెప్తున్నానో, ఆ పాలాయన సంగతి వింటే నీకే తెలుస్తుంది. నువ్వప్పటికి పుట్టలేదు. సరిహద్దు అవతల పల్లె నుంచి తెల్లారగట్ల క్యారియర్‌కి అటొకటి ఇటొకటి క్యాన్లు కట్టుకుని వచ్చి మన వీధుల్లో పాలు పోసేవాడు. సంక్రాంతి ముందు రోజులు, మంచు బాగా పట్టి ఉంది. వెనక నుంచి లారీ కొట్టేసి ఆగకుండా పోయింది. ప్రాణం దక్కింది, కాలు పోయింది. నేను వెళ్లేసరికి ఆయన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు, సైకిల్ రోడ్డు పక్కన పడి ఉంది. వెనక చక్రం మెలితిరిగిపోయి, క్యారియర్ మడ్‌గార్డులోకి దిగబడి ఉంది. మడ్‌గార్డు చివర, ఎర్ర రిఫ్లెక్టర్ ఉండాల్సిన చోట, స్క్రూ పట్టే చిన్న బెజ్జం మాత్రం ఉంది. దాని అంచులు తుప్పు పట్టి ఉన్నాయి. అది ఊడిపోయి ఎన్నాళ్లయిందో ఏమో.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. జనం రోడ్డుకి అడ్డంగా బండరాళ్లు పెట్టి కూర్చున్నారు. బస్సులు ఆగిపోయాయి. కాసేపటికి ఓ అధికారి జీపులో వచ్చి, ఇక్కడ స్పీడ్ బ్రేకర్ వేయిస్తాం, లైటు పెట్టిస్తాం, వైద్యం ఖర్చు ఇప్పిస్తాం అన్నాడు. చప్పట్లు కొట్టి లేచిపోయారు. ఆ మాట కాగితం మీద రాసివ్వండి అని ఒక్కరూ అడగలేదు. లారీ నంబరు సగం చూసిన టీకొట్టు కుర్రాడు అక్కడే ఉన్నాడు, వాణ్ని ఎవరూ పిలిచి రాసుకోలేదు, గొడవ చూసి బెదిరి వాడు ఇంటికి పోయాడు. పాలాయన తమ్ముడు ఒక స్టేషనుకి వెళ్తే ఇది మా పరిధి కాదన్నారు, ఇంకో స్టేషనుకి వెళ్తే వాళ్లూ అదే అన్నారు. తిరిగి తిరిగి వదిలేశాడు. ఈలోగా ఇంట్లో డబ్బుల్లేక ఆ విరిగిన సైకిల్‌ని పాతసామాన్లవాడికి అమ్మేశారు. కేసు లేదు, నంబరు లేదు, చివరికి చూపించడానికి సైకిలూ లేదు. వాళ్లకి ఒక్క రూపాయి రాలేదు. ఆయన భార్య ఇళ్లల్లో పనికి కుదిరింది, పెద్దపిల్ల బడి మానేసింది. స్పీడ్ బ్రేకర్ సంగతి మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ రోజు రోడ్డు మీద కూర్చున్నవాళ్లంతా ఆయన పోసిన పాలు తాగినవాళ్లే, వాళ్ల కోపం నిజమైన కోపమే. దాన్నంతా ఒక్క పూటలో ఖర్చు పెట్టేసుకుని ఇళ్లకి పోయారు. అమ్ములూ, నీ వెనక వచ్చే పదిమందికీ అలాంటి కోపమే ఉంటుంది. దాన్ని జాగ్రత్తగా వాడు.

ఇప్పుడు చట్టం కొంత మనవైపు ఉంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో 173వ సెక్షను ప్రకారం, ఎక్కడ జరిగినా సరే ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకోవాల్సిందే, జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నది దాన్నే. సరిహద్దులో ఉండే మనకి ఇంతకన్నా పనికొచ్చే సెక్షను లేదు. గుద్దినవాడు దొరక్కపోయినా 2022 ఏప్రిల్ నుంచి చనిపోతే 2 లక్షలు, పెద్ద గాయాలైతే 50 వేలు ఇచ్చే పథకం ఉంది. బండి నంబరు దొరికితే దాని ఇన్సూరెన్సు మీద ప్రమాదాల నష్టపరిహారం తేల్చే ట్రిబ్యునల్లో వేయొచ్చు, 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది కాబట్టి నాన్చకూడదు. దెబ్బ తగిలినవాణ్ని ఆసుపత్రికి చేర్చినవాడు పోలీసులకి తన పేరు చెప్పాల్సిన పని కూడా లేదని మోటారు వాహనాల చట్టం 134ఎ సెక్షను కింద పెట్టిన నియమాలు అంటున్నాయి. ఇది నీవాళ్లందరికీ చెప్పు, భయం వల్లే మనవాళ్లు దగ్గరికి రారు. 112, 108 ఫోన్లో ఉంచుకోమను. ముందు ఫోటో, తర్వాత నంబరు, ఆ తర్వాతే సైకిల్ పక్కకి జరపడం. మనిషిని మాత్రం వీటన్నిటికన్నా ముందు చూడాలి, అది వేరే చెప్పక్కర్లేదు.

అర్జీ గురించి. మీ అమ్మ చెప్పినదాన్ని బట్టి నువ్వు సైకిల్ ట్రాకు, పార్కింగు, లైట్లు, లారీలకి టైములు అన్నీ ఒకే కాగితంలో రాస్తున్నావు. అన్నీ అడిగితే పరిశీలిస్తాం అనే జవాబే వస్తుంది. ఒక్క చోటు ఎంచుకో, ఒక్క పని అడుగు. ఫలానా మలుపు దగ్గర వీధిలైటు లేదు, పెట్టండి. అంతే. అది అయ్యాక రెండోది. ముందు ఆ రోడ్డు ఎవరిదో తెలుసుకో, మున్సిపాలిటీదా, రాష్ట్ర రోడ్ల శాఖదా, అసలు ఒడిశా వైపా ఆంధ్ర వైపా. చెప్పకపోతే సమాచార హక్కు చట్టం కింద అడుగు, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇటువైపు అర్జీ ఒడియాలో రాయించు, అటువైపుది తెలుగులో. నీ ఒడియా మాట్లాడటానికి సరిపోతుంది, రాయడానికి సరిపోదు, మొహమాటపడకుండా తెలిసినవాళ్లకి చూపించు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోకుండా కుర్చీలోంచి లేవొద్దు.

పెద్ద మాటలు కావాలంటే 2006 జాతీయ పట్టణ రవాణా విధానం ఉంది, రోడ్లు బండ్ల కోసం కాదు మనుషులు కదలడం కోసం అని అందులోనే రాశారు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు సైకిల్ ట్రాకులు ఎలా వేయాలో చెప్పే పుస్తకాన్ని 2015లో సవరించారు, ఇంజనీరుతో మాట్లాడేటప్పుడు ఐఆర్‌సీ 11 అను, ఆయనకి వెంటనే తెలుస్తుంది. భువనేశ్వర్లో 2018లో మో సైకిల్ అని అద్దె సైకిళ్లు పెట్టారు కదా అలాంటిది ఇక్కడా కావాలని మీవాళ్లలో ఎవరో అన్నారట. మనూళ్లో సైకిళ్లకి కొరత లేదమ్మా. సాయంత్రం వాటి మీద ఇంటికి చేరడమే కష్టంగా ఉంది. జూన్ 3 సైకిల్ దినోత్సవం నాడు టీషర్టులేసుకుని ర్యాలీ తీస్తే తియ్యండి, ఫోటోలు పేపర్లో పడతాయి, కానీ ఆ ర్యాలీలో కూరగాయల సైకిళ్లు లేకపోతే అది నీ ర్యాలీ కాదు. వాళ్లని పిలవాలంటే తెల్లారి నాలుగున్నరకి బజారుకి వెళ్లి మాట్లాడాలి. వాళ్లకి కావలసింది నీకు తోచింది అయ్యుండకపోవచ్చు. ముందు విను.

ఇంకోటి, ఏ ఆఫీసుకీ, స్టేషనుకీ ఒంటరిగా వెళ్లకు. నీకు ధైర్యం లేదని కాదు. ఇద్దరుంటే సాక్షి ఉంటాడు.

ఆదివారం పొద్దున్నే సైకిల్ షాపుకి తీసుకురా. నీకు ఇష్టమైన రంగు, మోడలు నాకనవసరం, వెనక లైటు నా చేత్తో బిగించి, బ్రేకు రబ్బర్లు మార్చి, ఓసారి నీ వెనకే తొక్కుకుంటూ పాతపట్నం దాకా వచ్చి చూశాకే ఆఫీసుకి తొక్కు. అప్పటిదాకా స్కూటీ మీదే వెళ్లు, నా మీద ఒట్టు. అర్జీ చిత్తుప్రతి కూడా తీసుకురా, మొదటి మలుపేదో ఇద్దరం కూర్చుని తేల్చుదాం. సోమవారం గ్రీవెన్స్‌కి నేనూ వస్తాను, ఆ పూట షాపు మధ్యాహ్నం తీస్తాను.

మీ అమ్మకి నేను చెప్తాను.

మీ మావయ్య