పిక్సెళ్లను అంగుళాలతో భాగించు

ఒరేయ్ అల్లుడూ,

ఫోటోలు వేసిచ్చే పనికి ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నావని అక్కయ్య చెప్పింది, సంతోషం. డబ్బా మీద 5760 × 1440 డీపీఐ అని ఉంది, ఫోటో కూడా అంత ఉండాలా అని అడిగావట. అక్కర్లేదురా. అది అంగుళానికి ఎన్ని సిరా చుక్కలు వేయగలదో చెప్పే అంకె. ఒక్క పిక్సెల్, అంటే ఫోటోలోని ఒక్క చిన్న రంగు గడి, రంగు రావాలంటే నాలుగైదు సిరాలు చుక్కలు చుక్కలుగా చల్లాలి, అందుకే అంత పెద్దది. నువ్వు చూసుకోవాల్సింది అంగుళానికి ఎన్ని పిక్సెళ్లు పడుతున్నాయనేది.

పొడుగు వైపు పిక్సెళ్లను కాగితం పొడుగు ఎన్ని అంగుళాలో దాంతో భాగించు. 4 × 6 అంగుళాల కాగితానికి 1800 ఉంటే అంగుళానికి 300 వస్తుంది. చేతిలో పట్టుకుని చూసే ఫోటోకి అది చాలు. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో పొడుగు 4000; 12 × 18 వేస్తే 222. గోడకి తగిలించేదానికి 150 ఉన్నా నేను వేసిచ్చేస్తాను. ఫోటోషాప్‌లో 72 అని కనిపిస్తే టెన్షన్ పడకు, అది ఫైల్‌లో రాసి ఉన్న అంకె అంతే. పిక్సెళ్లు ఎన్నున్నాయో చూడు.

అసలు తలనొప్పి దండ వేసే ఫోటోలతో. పెద్దాయన పోయారు, పెద్దకర్మకి 12 × 18 కావాలంటూ వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చూపిస్తారు. మామూలుగా పంపితే పొడుగు దాదాపు 1600కి కుదించుకుపోతుంది. 4 × 6కి పర్వాలేదు, 12 × 18కి మాత్రం 89 దగ్గర ఆగిపోతుంది. అందులోనూ పెళ్లి గ్రూప్ ఫోటోలోంచి ముఖం కట్ చేయమంటే ఇక చెప్పక్కర్లేదు. ఎవరి ఫోన్‌లో తీశారో కనుక్కుని, కుదించుకుపోకుండా డాక్యుమెంట్‌గా పంపమను. ఇంట్లో పాత 4 × 6 ప్రింట్ ఉంటే ఇంకా మంచిది; అంగుళానికి 600 చొప్పున స్కాన్ చేస్తే 2400 × 3600 వస్తుంది, 8 × 12కి సరిగ్గా 300. ఏఐ యాప్‌తో పెద్దది చేస్తే పదునుగానే ఉంటుంది కానీ, లేని కళ్లూ ముక్కూ అదే గీసేస్తుంది. ఇంట్లోవాళ్లు చూసి "ఈయన మా నాన్న కాదండీ" అంటే ఏం చెప్తావు? అంతకంటే సైజు తగ్గించుకోమని ఒప్పించడం నయం.

కాగితం రకం కంప్యూటర్‌లోని ప్రింటర్ సెట్టింగుల్లో (డ్రైవర్‌లో) సరిగ్గా ఎంచుకో. మామూలు ఎ4 కాగితం మీద సిరా పాకుతుంది, అక్కడ 300 దండగ.

పెద్దది వేసేముందు ముఖం ఉన్న భాగం ఒక్కటే, అదే సైజులో, 4 × 6 కాగితం మీద వేసి చూపించు. సరే అన్నాకే అడ్వాన్స్ తీసుకో.

మీ మామయ్య