కోచ్‌కి ఇచ్చిన మాట

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో తరగతి, టెన్నిస్ ఆడుతుంది. ఆగస్టులో ఒక డివిజన్ 3 (ఆటకి స్కాలర్‌షిప్ ఇవ్వని విభాగం) కాలేజీ కోచ్‌కి ‘మీ దగ్గరికే వస్తాను, ఎర్లీ డెసిషన్‌లో అప్లై చేస్తాను’ అని ఫోన్‌లో చెప్పింది. ఇప్పుడు ఇంకా పేరున్న యూనివర్సిటీ కోచ్ ఫోన్ చేస్తున్నాడు. ‘నోటిమాటే కదా, అప్లికేషన్ గడువు నవంబరు 1 దాకా ఇద్దరినీ చేతిలో ఉంచుకో’ అంటారు మావారు. పాత కోచ్ మెసేజ్ వస్తే పిల్ల ఫోన్ బోర్లా పెట్టేస్తోంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, పిల్ల ఫోన్ బోర్లా పెడుతోందంటే తప్పెక్కడుందో తనకి తెలుస్తూనే ఉంది. ముందు ఆ టెన్షన్ తగ్గించాలి.

మీవారి మాటలో కొంత నిజముంది. నోటిమాటకి చట్టం ఎవరినీ కట్టిపడేయదు, మనసు మార్చుకునే హక్కు పిల్లకి ఉంది. ఇద్దరినీ చేతిలో ఉంచుకోవడం మాత్రం నేను ఒప్పుకోను. అడ్మిషన్ ఆఫీసులో కోచ్ గట్టిగా చెప్పగలిగే పేర్లు కొన్నే ఉంటాయి. మీ అమ్మాయి వస్తానంది కాబట్టి, ఆయన ఇంకో పిల్లకి ఈపాటికే ‘సారీ’ చెప్పి ఉండొచ్చు. ఆలస్యమైన ప్రతిరోజూ ఆ పిల్లకి దారి మూసుకుపోతుంది.

ఎర్లీ డెసిషన్ సంగతి వేరు. విద్యార్థి, తల్లిదండ్రులు, స్కూల్ కౌన్సెలర్ సంతకాలు పెట్టే ఒప్పందం అది. ఆ అప్లికేషన్ ఒక్క కాలేజీకే పంపాలి. సీటొస్తే, ఫీజు సాయం చాలకపోతే తప్ప, చేరాల్సిందే.

కాబట్టి ఈ వారమే కొత్త కోచ్‌ని సూటిగా అడగమనండి: ‘నా మార్కులు మీ అడ్మిషన్ ఆఫీసు చూసిందా? నాకు పూర్తి సపోర్ట్ ఇస్తారా? మీరు అలా సపోర్ట్ ఇచ్చిన పిల్లల్లో ఎంతమందికి సీటు రాలేదు?’ జవాబు నీళ్లు నమిలినట్టుంటే అది ఆఫర్ కాదు. ‘నీ ఆట గమనిస్తున్నాం’ అనే మాట చాలామంది పిల్లలకి చెబుతారు. ఎంత మంచి కోచ్ అయినా చివరికి సీటిచ్చేది అడ్మిషన్ ఆఫీసే.

మీ అమ్మాయిని ఇంకొకటి అడగండి: మోకాలు దెబ్బతిని రాకెట్ పట్టలేకపోయినా నాలుగేళ్లు ఏ కాలేజీలో ఉండగలదు? డివిజన్ 3లో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు, కాబట్టి టీమ్ వదిలేసినా అక్కడి ఫీజు సాయానికి ఇబ్బంది రాదు.

మనసు మారితే ఫోన్ తనే చేయాలి, మీరో మీవారో కాదు. ‘కోచ్, మాటిచ్చి మారుతున్నాను, క్షమించండి. మీరు ఇంకొకరిని చూసుకోవాలని వెంటనే చెబుతున్నాను’ అంటే చాలు. ఆయన కోప్పడితే పడనివ్వండి, ఆయనకి ఆ హక్కుంది. మీరు పక్క గదిలో ఉండండి. తను ఫోన్ పెట్టేశాక వెళ్లి దగ్గర కూర్చోండి.