గోడలోకి వెళ్లేది ఇప్పుడు, డబ్బాలో వచ్చేది తర్వాత

ప్రశ్న: తిరుపతిలో పేరూరు వైపు 50 అంకణాల స్థలంలో ఇల్లు కడుతున్నాం. స్థలం, లోను రెండూ మావారి పేరు మీదే ఉన్నాయి. మంజూరైన 40 లక్షల్లో (వడ్డీ 8.5 శాతం, 20 ఏళ్లు) ఇప్పటికి 24 లక్షలు విడుదలయ్యాయి. స్లాబ్ అయిపోయి గోడల పని నడుస్తోంది. నాలుగైదు నెలల్లో గృహప్రవేశం చేయాలని ఆలోచన. వంటింటి వెనక యుటిలిటీ, బట్టలు ఉతికే చోటు కలిపి ఒకే గదిగా కావాలని నా కోరిక. అల్మారాలతో సహా దానికి 1.85 లక్షలు అదనం అంటున్నాడు కాంట్రాక్టర్ (కొటేషన్ పంపుతున్నాను). వాషింగ్ మెషిన్, డ్రైయర్, డిష్‌వాషర్ కలిపి మరో 1.40 లక్షలు. బ్యాంకు ఇంకో 3 లక్షలు పెంచుతామంటోంది. లోను పెరిగితే టాక్స్ కూడా తగ్గుతుందని మావారు అంటున్నారు. షాపులో నో కాస్ట్ ఈఎంఐ ఉంది. 2 లక్షల చీటీ ఒకటి కడుతున్నాం, 20 నెలల్లో 12 అయ్యాయి, పాట 30 వేల తగ్గింపు మీద నడుస్తోంది. దాన్ని పాడేద్దామా? ఇద్దరి జీతాలు కలిపి 82 వేలు, అద్దె 11 వేలు, డిపాజిట్ 3 లక్షలు. పాత టాప్ లోడ్ మెషిన్ ఆరేళ్లది, ఇంకా పనిచేస్తోంది.

జవాబు: గది కట్టించుకోండి. తిరుపతిలో సొంతిల్లు ఉందంటే దర్శనానికి వచ్చే చుట్టాలకు కొదవ ఉండదు. వాళ్లు కొండకు వెళ్లొచ్చి బయల్దేరాక మిగిలే దుప్పట్లు, తువ్వాళ్లు ఉతకడానికి ఒక చోటు ఉండాల్సిందే. కానీ అందుకోసం లోను పెంచొద్దు, చీటీ పాడొద్దు.

ముందు కాంట్రాక్టర్‌ను ఆ 1.85 లక్షలను రెండు ముక్కలుగా విడగొట్టి రాసిమ్మనండి. పైపులు, నీళ్లు పోయే లైను, వాటర్‌ప్రూఫింగ్, టైల్స్, కరెంటు పాయింట్లు, కిటికీ ఒక ముక్క. అల్మారాలు, గ్రానైట్, ఫాల్స్ సీలింగ్ రెండోది. మీరు పంపిన కొటేషన్ చూస్తే మొదటి ముక్క 80 వేల దగ్గర తేలుతోంది. ఇప్పుడు పెట్టాల్సింది ఆ డబ్బే, అదీ డిపాజిట్‌లోంచి.

ఈ ముక్కలో మాత్రం పిసినారితనం వద్దు. ఇప్పుడు వదిలేసిన పైపు లైను రెండేళ్ల తర్వాత వేయించాలంటే మేస్త్రి, ప్లంబర్, టైల్స్ వేసేవాడు ముగ్గురికీ కూలి ఇవ్వాలి. పగిలిన టైల్‌కు అదే రంగు దొరకదు కూడా. గది నేల వంటింటి కంటే ఒకటిన్నర అంగుళమైనా దిగువన ఉండాలి, వాలు నీళ్లు పోయే జల్లి వైపుకే ఉండాలి. మెషిన్ మురుగు గొట్టానికి విడిగా ఒక లైను ఇప్పించండి. నేల మీది జల్లిలోకే వదిలేస్తే ఉతికిన ప్రతిసారీ సబ్బు నురగ గదంతా పరుచుకుంటుంది. 16 ఆంప్స్ పాయింట్లు రెండు కావాలి, ఒక్కోదానికి విడి ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తానే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ ఉండాలి. డ్రైయర్ ఇప్పుడు కొనకపోయినా దాని పాయింటు, దాని చోటు సిద్ధంగా ఉంచండి. మీ పాత మెషిన్ టాప్ లోడ్ కాబట్టి దాని నెత్తిన అర పెట్టించొద్దు, మూత పూర్తిగా తెరుచుకోదు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే హీటర్ కాయిల్‌కు సున్నం పేరుకుంటుంది, కాబట్టి మున్సిపల్ నీళ్ల ట్యాంకు నుంచి మెషిన్‌కు లైను ఇవ్వగలరేమో ప్లంబర్‌ను ఇప్పుడే అడగండి.

అల్మారాలకు తొందరేమీ లేదు. ప్రస్తుతానికి గోడలో రెండు వరుసల కడప బండ అరలు కట్టించండి. తడికి ఉబ్బవు, చెద పట్టవు. ఆ ప్లైవుడ్ సామానంతా తర్వాత కావాలంటే చేయించుకోవచ్చు. (చేయించుకోరనే నా నమ్మకం.)

వెనక వదిలిన ఖాళీలోకి గదిని జరిపి పైన రేకు వేద్దామని కాంట్రాక్టర్ అంటే ఒప్పుకోవద్దు. మీకు బ్యాంకు నుంచి ఇంకా 16 లక్షలు రావాలి. ప్రతి విడతకూ ముందు బ్యాంకు ఇంజనీరు వచ్చి ఆమోదించిన ప్లాన్‌తో పోల్చి చూస్తాడు. అక్కడ తేడా కనిపిస్తే డబ్బు ఆగుతుంది, పని ఆగుతుంది, మీరు అద్దె మాత్రం కడుతూనే ఉంటారు.

ఇక లోను పెంచడం. 8.5 శాతానికి 20 ఏళ్లకు లక్షకు ఈఎంఐ దాదాపు 868 రూపాయలు. 3 లక్షలకు నెలకు 2,604, మొత్తం కట్టేది దాదాపు 6.25 లక్షలు. 40 వేల మెషిన్ ఒక్కటే ఇందులో కలిపినా చివరికి 83 వేలు దాటుతుంది. ఆ మెషిన్ పదేళ్లు నడిస్తే గొప్ప. పాత సామాన్ల వాడికి వేసేశాక కూడా దాని అప్పు ఇంకో పదేళ్లు కడుతుంటారు.

టాక్స్ మాటకొస్తే, మీవారి లెక్క ఇక్కడ పనిచేయదు. సొంతంగా ఉండే ఇంటి లోను వడ్డీకి పాత పన్ను విధానంలో ఏడాదికి 2 లక్షల దాకానే మినహాయింపు. కొత్త విధానంలో అదీ లేదు. 40 లక్షల మీద మొదటి ఏడాది వడ్డీయే 3.3 లక్షలు దాటుతుంది. పరిమితి ఎప్పుడో నిండిపోయింది కాబట్టి కొత్తగా తెచ్చే 3 లక్షల మీది వడ్డీ వల్ల ఇప్పట్లో పన్నులో ఒక్క రూపాయి కూడా తగ్గదు.

నో కాస్ట్ ఈఎంఐ సంగతి. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకు చెప్పింది. క్రెడిట్ కార్డు మీదైతే షాపువాళ్లు ఇచ్చే డిస్కౌంటును వడ్డీ కింద సర్దుతారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తిన పడతాయి. షాపులో ‘మొత్తం క్యాష్ ఇస్తే ఎంతకిస్తారు’ అని అడగండి, అసలు ధర అప్పుడు బయటికొస్తుంది. ‘జీఎస్టీ తగ్గింది, ఇప్పుడే కొనండి’ అని కూడా అంటారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి 28 శాతం నుంచి 18కి తగ్గింది డిష్‌వాషర్‌కు. వాషింగ్ మెషిన్‌కు 2018 నుంచే 18 శాతం.

అసలు టెన్షన్ నెలవారీ లెక్కలో ఉంది. ఇప్పుడు విడుదలైన 24 లక్షలకు వడ్డీ 17 వేలు, అద్దె 11 వేలు, మొత్తం 28 వేలు. ఇంట్లోకి వెళ్లాక అద్దె పోయినా పూర్తి ఈఎంఐ 34,700 వస్తుంది. చీటీకి 10 వేలు తీస్తే ఇంటి ఖర్చుకు మిగిలేది 37 వేల చిల్లర. దాని మీద 1.40 లక్షల సామాన్ల ఈఎంఐ ఏడాది పాటు పెడితే ఇంకో 11,667 పోయి పాతిక వేలతో నెల గడపాలి. పిల్లల స్కూలు ఫీజు కట్టాల్సిన నెలలో ఏం చేస్తారు? గృహప్రవేశం ఖర్చు కూడా అనుకున్నంతలో అవడం నేనెక్కడా చూడలేదు. భోజనాలు, బట్టలు పెట్టడాలు, వచ్చినవాళ్లకు వసతి, అన్నీ ఆ వారంలోనే పడతాయి. డిపాజిట్‌లో మిగిలే 2.20 లక్షల్లో మూడు ఈఎంఐలకు సరిపడా 1.05 లక్షలు ఎట్టిపరిస్థితుల్లోనూ ముట్టుకోకండి.

డ్రైయర్ ఈ ఊళ్లో ఏడాదిలో ఎక్కువ నెలలు అలంకారమే. ఎండకు కరువు లేదు. ఇబ్బందల్లా అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య వానలప్పుడు. 2021 నవంబర్ వరదలు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. అయినా ఆ రెండు మూడు నెలల కోసం సీలింగ్‌కు తాడు లాగితే కిందికి దిగే దండెం, ఒక ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. హీటర్ రకం డ్రైయర్ ఒక్క లోడుకు రెండు యూనిట్లకు పైగానే తాగుతుంది. నెలకు 225 యూనిట్లు దాటితే, 2022లో మారిన శ్లాబుల ప్రకారం, ఆపై 400 దాకా యూనిట్‌కు 8.75 రూపాయలు పడుతుంది. ఇక డిష్‌వాషర్ అంటారా, పనిమనిషి మానేసిన రోజు ఆలోచిద్దాం.

చీటీ పాట మీ దగ్గర 30 వేల తగ్గింపు మీద నడుస్తోందన్నారు. ఇప్పుడు పాడితే 1.70 లక్షలు వస్తాయి. ఎనిమిది నెలలు ఆగితే కమిషన్ పోను 1.90 చేతికొస్తుంది. ఆ 20 వేల తేడాను ఏడాది వడ్డీగా మారిస్తే 17–18 శాతం, మీ ఇంటి లోను వడ్డీకి రెట్టింపు. గృహప్రవేశం అయ్యాక మూడు నాలుగు నెలలు పాత మెషిన్‌తోనే నెట్టుకురండి. చీటీ డబ్బు రాగానే 8 కిలోల ఫ్రంట్ లోడ్ మెషిన్ క్యాష్ ఇచ్చి కొనండి. మిగిలింది డిపాజిట్‌లో తిరిగి వేయండి, అప్పటికీ ఆ అల్మారాలు కావాలనిపిస్తే కార్పెంటర్‌ను పిలవండి.