మీరడిగారు: ఐరన్-45 రెండు ప్రోటాన్లని ఒకేసారి వదుల్తుందా?

ప్రశ్న: సర్, మా పుస్తకాల్లో రేడియోధార్మికత అంటే ఆల్ఫా, బీటా, గామా అని మూడే ఉన్నాయి. ఈమధ్య ఒకచోట ఐరన్-45 అనే ఐసోటోప్ రెండు ప్రోటాన్లని ఒకేసారి బయటికి వదుల్తుందని చదివాను, నిజమేనా? కొన్ని మిల్లీసెకన్లే ఉండేదాన్ని ఎలా పట్టుకుని కొలుస్తారు? దీనివల్ల ఉపయోగం ఏంటి? (డిగ్రీ చదువుతున్న ఒక పాఠకురాలు)

జవాబు: నిజమేనమ్మా. మీ పుస్తకంలో ఉన్న మూడూ కరెక్టే, కానీ లిస్టు అక్కడితో అయిపోలేదు.

మామూలు ఇనుములో ఎక్కువగా ఉండేది ఐరన్-56, అందులో 26 ప్రోటాన్లు, 30 న్యూట్రాన్లు. ఐరన్-45లో ప్రోటాన్లు అవే 26, న్యూట్రాన్లు మాత్రం 19. ప్రోటాన్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కదా, ఆ నెట్టుడుకి ఎదురు నిలబడి అన్నిట్నీ కలిపి ఉంచాలంటే న్యూట్రాన్లు సరిపడా ఉండాలి. అవి కాస్త తగ్గితే కేంద్రకం ఒక ప్రోటాన్‌ని న్యూట్రాన్‌గా మార్చేసుకుని పాజిట్రాన్‌ని (ధనావేశం ఉన్న ఎలక్ట్రాన్ లాంటి కణం) వదుల్తుంది, అదే బీటా ప్లస్. ఇంకా తగ్గించుకుంటూ పోతే డ్రిప్ లైన్ అనే హద్దు వస్తుంది, అది దాటాక చివరి ప్రోటాన్‌ని పట్టి ఉంచే శక్తి కేంద్రకానికి ఉండదు. అలాగని అది వెంటనే ఊడిపోదు, బయటికి రావాలంటే విద్యుదావేశాల వల్ల ఏర్పడే కూలుంబ్ అడ్డుగోడ ఉంది, దాన్ని ఎక్కి దూకే శక్తి లేకపోయినా క్వాంటం నియమాల వల్ల అందులోంచి దూరి రావాలి (దీన్నే టన్నెలింగ్ అంటారు), దానికి టైం పడుతుంది. ఆ ఆలస్యం వల్లే మనం కొలవగలుగుతున్నాం.

ఒక్క ప్రోటాన్ బయటికి రావడం 1970లోనే కోబాల్ట్-53 ఉత్తేజిత స్థితిలో చూశారు. రెండు కలిసి రావడం గురించి 1960లోనే గోల్డాన్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త రాశాడు. ప్రోటాన్లు సరి సంఖ్యలో ఉన్నపుడు జతలుగా కట్టుకుని ఉంటాయి, జత విడగొట్టడానికి శక్తి కావాలి, అందుకని ఒక్కటే వెళ్దామంటే శక్తి చాలదు, రెండూ కలిసి వెళ్తే చాలుతుంది. చెప్పిన 42 ఏళ్ళకి, 2002లో, జర్మనీలోని జీఎస్‌ఐ, ఫ్రాన్స్‌లోని గానిల్ ల్యాబుల్లో ఐరన్-45లో అది దొరికింది.

ఇక కొలవడం సంగతి, నాకు బాగా ఇష్టమైన భాగం ఇదే. నికెల్-58 అయాన్లని బాగా వేగంగా ఒక పలుచటి రేకుకి కొడతారు. చాలా చాలా అరుదుగా ఒక నికెల్ కేంద్రకం నుంచి 2 ప్రోటాన్లు, 11 న్యూట్రాన్లు రాలిపోయి ఐరన్-45 మిగుల్తుంది. అయస్కాంతాల మధ్య నుంచి అది వెళ్ళేటపుడే ఎంత వంగింది, ఎంత టైం పట్టింది, దార్లో ఎంత శక్తి పోగొట్టుకుంది అని చూసి ఇది ఫలానా ఐసోటోప్ అని ఒక్కొక్కదాన్నీ విడిగా గుర్తుపడతారు. చివరికది సిలికాన్ డిటెక్టర్లో దిగబడి ఆగుతుంది. గానిల్ వాళ్ళ డిటెక్టర్‌కి ముందువైపు నిలువు పట్టీలు, వెనకవైపు అడ్డ పట్టీలు, గళ్ళ నోటుబుక్కులా అన్నమాట. ఏ గడిలో దిగిందో తెలుస్తుంది, తర్వాత అదే గడిలో మళ్ళీ సిగ్నల్ వస్తే దిగింది విడిపోయిందని అర్థం. రెండిటి మధ్య టైం రాసుకుంటారు. అలా పోగేసిన టైంల నుంచే అర్ధజీవితకాలం (ఉన్నవాటిలో సగం విడిపోవడానికి పట్టే టైం) వస్తుంది, ఐరన్-45కి అది సుమారు రెండున్నర మిల్లీసెకన్లు. వచ్చిన శక్తేమో దాదాపు 1.1 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టులు. మరి బీటా కాదని గ్యారంటీ ఏంటి అంటే, పాజిట్రాన్ వచ్చుంటే అది ఎలక్ట్రాన్‌తో కలిసి మాయమై 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణాలు ఇవ్వాలి, జీఎస్‌ఐ వాళ్ళు వాటికోసం చుట్టూ డిటెక్టర్లు పెట్టి చూశారు, ఆ సిగ్నల్‌తో పాటు అవి రాలేదు.

అయినా ఒక లోటు ఉండిపోయింది. రెండు ప్రోటాన్లూ ఆ సిలికాన్లోనే ఆగిపోతాయి కాబట్టి మొత్తం శక్తి తెలిసింది గానీ రెండిట్నీ విడివిడిగా ఎవరూ చూళ్ళేదు. 2007లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో చేసిన ప్రయోగంలో సిలికాన్ బదులు గ్యాస్ నింపిన గది పెట్టి, లోపల పుట్టే వెలుగుని కెమెరాతో తీశారు. ఆ ఫోటోలో ఐరన్ కేంద్రకం వచ్చి ఆగిన పొడుగు గీత, దాని కొస నుంచి రెండు పొట్టి గీతలు చెరోవైపుకి. ఆ పొట్టి గీతలే ప్రోటాన్లు. వీలైతే ఆ ఫోటో వెతికి చూడండి, కళ్ళతో చూశాక ఇంక డౌటుండదు.

ఉపయోగం అన్నారు. కొద్దిగా ప్రోటాన్లు ఎక్కువైన ఫ్లోరిన్-18 ఆస్పత్రుల్లో పెట్ స్కాన్‌కి రోజూ వాడేదే. ఐరన్-45తో అలాంటి పని ఏమీ లేదు, అది కేంద్రకం లోపల ప్రోటాన్ల జతలు ఎలా ఉంటాయో చెప్తుంది, నా దృష్టిలో అదే చాలు. దీని చుట్టాల్లాంటివి మాత్రం ఆకాశంలో పని చేస్తుంటాయి. న్యూట్రాన్ నక్షత్రం మీద పక్క నక్షత్రం నుంచి పదార్థం పడి పోగై ఒక్కసారిగా మండితే ఎక్స్‌రే బరస్ట్ వస్తుంది, అక్కడ కేంద్రకాలు ఒకదాని తర్వాత ఒకటి ప్రోటాన్లని మింగుతూ బరువెక్కుతాయి. జెర్మేనియం-64 దగ్గరికొచ్చేసరికి బండి ఆగుతుంది, ఇంకో ప్రోటాన్ అంటించుకుంటే వచ్చే ఆర్సెనిక్-65 దాన్ని గట్టిగా పట్టుకోలేదు, ఆ వేడికి అది మళ్ళీ ఊడిపోతుంటుంది. ఇంక బీటా క్షయం కోసం ఆగాల్సిందే, జెర్మేనియం-64 అర్ధజీవితకాలం నిమిషం పైనే. బరస్ట్ మొత్తం నడిచేదే చాలాసార్లు పదుల సెకన్లు, అందుకని ఆ వెలుగు ఎంతసేపట్లో తగ్గాలో లెక్కగట్టే వాళ్ళు ముందుగా అడిగే నంబర్లలో ఇదొకటి.