చేపల పులుసుతో ఐపీఏ ఎందుకు పొసగలేదు

విశాఖ నుంచి తెచ్చుకున్న ఐపీఏను (ఇండియా పేల్ ఏల్ అనే చేదు రకం బీరును) కళింగపట్నం చేపల పులుసుతో తాగితే నోరు మండిపోయి, చేదు తప్ప మరేమీ తెలియలేదని మీరు రాశారు. లోపం బీరుదీ కాదు, పులుసుదీ కాదు. ఆ జత కుదరలేదు. ఐపీఏలో హాప్స్ (బీరుకు చేదునిచ్చే పువ్వులు) చేదు ఎక్కువ, ఆల్కహాల్ కూడా తరచుగా 6 శాతం దాకా ఉంటుంది కనుక, అవి మిరప కారాన్ని చల్లార్చకపోగా మరింత రేపుతాయి. పైగా చింతపండు పులుపు తోడైతే ఆ చేదు గరుకుగా నాలుకను పట్టుకుని వదలదు.

పులుసుకు గోధుమ బీరు తీసుకోండి. నా దృష్టిలో బెల్జియం విట్‌బియర్‌ను మించినది లేదు. అందులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మన పులుసులోనూ ధనియాల పొడి పడుతుంది కాబట్టి, గ్లాసు ముక్కు దగ్గరకు తీసుకోగానే ఆ రెండు వాసనలూ హాయిగా కలిసిపోతాయి. చేదు చాలా తక్కువ. సీసాలో చివరి రెండు గుక్కలు మిగిలినప్పుడు మెల్లగా తిప్పి, అడుగున పేరుకున్న ఈస్టు మడ్డిని కూడా గ్లాసులోకి వంపితే బీరు మబ్బుగా మారి, రుచి చిక్కబడుతుంది.

మిగిలిన ఐపీఏను పారబోయవద్దు. పలాస జీడిపప్పును నేతిలో దోరగా వేయించి, కారం లేకుండా ఉప్పు మాత్రమే చల్లి, దానితో రుచి చూడండి. జీడిపప్పు కొవ్వు ఆ చేదును మెత్తబరుస్తుంది.